ఆకుపచ్చ అంకె

"చచ్చినవాడు లేచి వచ్చి వాల్వు తిప్పాడంటారా, నిదానం గారూ?"

ఇన్‌స్పెక్టర్ ఆ మాట అడిగి, జవాబు కోసం ఆగకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

డిటెక్టివ్‌కు ఆ పేరు పోలీసులే పెట్టారు. ఏ గదిలోకి వెళ్ళాల్సి వచ్చినా ముందు గుమ్మంలో నిలబడతాడు. లోపల ఏ వస్తువు ఎక్కడుందో చూసుకున్నాకే అడుగు పెడతాడు. ఇప్పుడూ ఆ పనిలోనే ఉన్నాడు.

అది పండ్లు నిలవ చేసే కోల్డ్ స్టోరేజీలో కంట్రోల్ గది. ఒక బల్ల, బల్ల మీద కంప్యూటర్, ఎదురుగా పొడవాటి అద్దం. అద్దం అవతల నడవాలో ఆరు ఇనుప తలుపులు. ఒక్కో తలుపు పైన ఒక వాల్వు, దాని పక్కన ముల్లున్న డయలు. నాలుగో తలుపుకు పోలీసు సీలు వేసి ఉంది.

"నేనింకా ఏమీ అనలేదు," అన్నాడు డిటెక్టివ్. "జరిగింది మొదటి నుంచి చెప్పండి."

"నిన్న చెప్పాను కదండీ."

"నిన్న మీ స్టేషన్లో విన్నాను. ఇవాళ ఈ గదిలో వింటాను."

ఇన్‌స్పెక్టర్ పైకప్పు వైపు ఒకసారి చూసి మొదలుపెట్టాడు.

"ఈ గదుల్లో ఆక్సిజన్ తగ్గించి నైట్రోజన్ నింపుతారు. పండ్లు నెలల తరబడి పాడవకుండా ఉంటాయి. మనిషి వెళితే మాత్రం నాలుగు ఊపిరులు తీసేలోపే పడిపోతాడు. అందుకని లోపల రిపేరు ఉంటే ముందు ఈ కంప్యూటర్ పేజీలో ఆ గదికున్న గీత మీద గుండీని ఇరవై ఒకటికి జరపాలి. ఇరవై ఒకటంటే మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ శాతం. వాల్వు తెరుచుకుంటుంది. గంట ఆగితే గది నిండా గాలి చేరుతుంది. సోమవారం నాలుగో గదిలో ఫ్యాను చప్పుడు చేస్తోందని ఫిట్టర్ వెళ్ళాడు. తలుపు దగ్గర ఆయన కార్డు గీసింది పదకొండింటికి. కంప్యూటర్ లెక్కలో వాల్వు తెరుచుకున్నది పదకొండున్నరకు. మధ్యాహ్నం కాపలావాడు చూసేసరికి గదిలో గాలి బాగానే ఉంది. మనిషిలోనే ప్రాణం లేదు."

"అయితే?"

"అయితే ఏమిటండీ! ఆయన లోపలికెళ్ళిన అరగంటకు వాల్వు తెరిచిన వాళ్ళెవరు? ఆ టైముకి ఇంటి నుంచి ఈ పేజీ తెరిచి పనిచేస్తున్నది ఒక్కరే. ఈ పేజీ రాసినావిడ. చనిపోయినాయన కోడలు. ఇద్దరికీ రెండు నెలలుగా మాటల్లేవు. మనిషి పోయాక గాలి వదిలి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది."

ఆ కోడలు అదే గదిలో, గోడ పక్కన స్టూలు మీద ఉంది. తన గురించి ఎదురుగానే అలా మాట్లాడుతున్నా ఆమె తల ఎత్తలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కంప్యూటర్ వైపు చూస్తోంది.

డిటెక్టివ్‌ను ఈ కేసులోకి పిలిచింది ఆమె అత్తగారు. రెండు రోజుల కిందట భర్తను పోగొట్టుకున్న మనిషి. ఎక్కువ మాట్లాడలేదు. "ఏం జరిగిందో కనుక్కోండి బాబూ. కోడలి ముఖం చూడలేకపోతున్నాను," అంది. అత్తకు కోడలి మీద అనుమానం ఉందని ఇన్‌స్పెక్టర్ ఆ మాటను తన కేసులో కలుపుకున్నాడు.

డిటెక్టివ్ లోపలికి వచ్చి కోడలి ఎదురుగా నిలబడ్డాడు.

"మీ పేజీ ఎలా పనిచేస్తుందో నాకు అర్థమయ్యేలా చెప్పగలరా అమ్మా? నాకు కంప్యూటర్ అంటే టైపు కొట్టడమే వచ్చు."

ఆమె కాస్త ఆలోచించి చెప్పింది. "దీన్ని నోట్‌బుక్ అంటాం సార్. పేజీలో గళ్ళు గళ్ళుగా ప్రోగ్రామ్ రాస్తాం, ఏ గడి కింద ఆ గడి జవాబు వస్తుంది. గుండీలూ, అంకెలూ, రంగులూ పెట్టుకోవచ్చు. చూడ్డానికి ఒకటే పేజీ. పనిచేసేది మాత్రం ఇద్దరు."

"ఇద్దరా?"

"హోటల్లో గల్లా దగ్గర ఒకడుంటాడు, వెనక వంటగదిలో ఒకడుంటాడు కదా, అలా. మీకు కనపడే తెర మీద పనిచేసేది జావాస్క్రిప్ట్. వాడు గల్లా దగ్గరవాడు. వెనక వాల్వులు తిప్పేది పైథాన్. వాడు వంటవాడు. మీరు గుండీ జరిపితే గల్లావాడు చీటీ రాసి వెనక్కి పంపిస్తాడు. ఒకరు చేసింది ఇంకొకరికి దానంతటది తెలీదు. చీటీ వెళ్ళాలి, చేశానని కబురు రావాలి."

"వంటవాడు ఒక్కడేనా?"

"ఒక్కడే. ఒకసారికి ఒక పనే చేస్తాడు. పెద్ద పని మీదుంటే చీటీలు వరసలో ఆగుతాయి."

"సోమవారం పెద్ద పని ఏమైనా నడిచిందా?"

"వారానికోసారి అన్ని గదుల లెక్కా కడతాను. సోమవారం ఇంటి నుంచి మొదలుపెట్టాను. పది ముందు నుంచి పదకొండున్నర దాకా నడిచింది." ఆమె గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "అవును సార్. అది నేను చేసిన పనే."

"చూశారా, తనే ఒప్పుకుంటోంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"లెక్క కట్టానని ఒప్పుకుంది. కొంచెం ఆగండి." డిటెక్టివ్ మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. "ఆ పని నడుస్తుండగా ఎవరైనా గుండీ జరిపితే తెర మీద ఏం కనపడుతుంది?"

"పసుపు రంగులో అంకె. వెనక నుంచి జవాబు వచ్చాకే ఆకుపచ్చ అవుతుంది."

ఇన్‌స్పెక్టర్ తన లాప్‌టాప్ బల్ల మీద పెట్టి తెరిచాడు. "ఇది నేనూ చూశాను. నిన్న మా స్టేషన్ నుంచి ఇదే పేజీ తెరిచి జరిపించి చూశాం. ముందు పసుపే వచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఈ గదుల్లో పనిచేసిన మనిషి పసుపు చూసి లోపలికి వెళ్తాడా? వెళ్ళడు. ఎవరో ఫోన్ చేసి, పర్లేదు వెళ్ళమన్నారు. ఆ గంటలో ఆయనకు వచ్చింది ఒకే ఫోను. భార్య ఫోన్ నుంచి. ఆ ఇంట్లో ఆ ఫోను అందుకోగల వాళ్ళు ఇంకెవరో మీరే చెప్పండి."

కోడలు మొదటిసారి తల ఎత్తింది. ఏదో అనబోయి మానుకుంది.

డిటెక్టివ్ అది చూసి, ఏమీ అడగకుండా నడవాలోకి వెళ్ళాడు. నాలుగో తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తలుపు పక్కన మేకుకి అరచేతిలో పట్టేంత మీటరు వేలాడుతోంది. పేజీలో కనపడేది మనం అడిగిన అంకె. గదిలో నిజంగా ఎంత ఆక్సిజన్ ఉందో చెప్పేది ఈ మీటరు. మీట నొక్కితే వెలిగింది. బ్యాటరీ బాగానే ఉంది. పై అంచున మాత్రం దుమ్ము పేరుకుని ఉంది.

"ఇది పట్టుకెళ్ళలేదేం?" అని వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"అదీ అడిగాను," అన్నాడు గుమ్మం దగ్గరకొచ్చిన ఇన్‌స్పెక్టర్. "ఈ పేజీ పెట్టిన కొత్తలో ప్రతిసారీ మీటరు పెట్టి సరిచూసేవాడట. కాపలావాడితో పందెం కూడా వేసేవాడట, ఇవాళ తప్పు పడుతుంది చూడు అని. ఒక్కసారీ పడలేదట. ఆ తర్వాత మీటరు ముట్టుకోలేదు."

లోపల స్టూలు చప్పుడైంది. కోడలు లేచి నిలబడింది.

"పందెం వేసేవారా?" అంది.

"వేసేవాడట. ప్రతిసారీ ఓడిపోయి టీ తాగించేవాడట."

ఆమె మళ్ళీ కూర్చుంది. మాట్లాడని కోడలి అంకెను నమ్మి మామగారు మీటరు వదిలేసిన సంగతి ఆమెకు అప్పటిదాకా తెలీదు.

డిటెక్టివ్ తిరిగి వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ కంట్రోల్ కంప్యూటర్ ముందుకు చేరాడు. మౌసు మీద చెయ్యి వేశాడు.

"దీన్ని కట్టేసి ల్యాబుకి పంపిస్తున్నాను. పోయేముందు ఈ పేజీ ఒకసారి రిఫ్రెష్ చేసి ఫొటో తీసుకుంటా..."

డిటెక్టివ్ చెయ్యి ఆయన చేతి మీద పడింది. గట్టిగా పట్టుకోలేదు. కానీ తీయలేదు.

"చెయ్యి తీయండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీరు ముందు మౌసు వదలండి."

"నిదానం గారూ, మర్యాదగా చెబుతున్నాను. ఇది పోలీసు కేసు. మీరు ఒక ముసలావిడ పిలిస్తే వచ్చిన మనిషి."

"అందుకే బతిమాలుతున్నాను. సోమవారం నుంచి ఈ పేజీని ఎవరైనా మూశారా?"

"లేదు. ఏదీ ముట్టుకోవద్దని నేనే చెప్పాను."

"మంచి పని చేశారు. ఇంకొక్క పావుగంట ఆ మాట మీదే ఉండండి." కోడలి వైపు చూశాడు. "అమ్మా, పసుపు రంగు ఈ పేజీలో మొదటి నుంచీ ఉందా?"

ఆమె జవాబు చెప్పడానికి కొంత సమయం తీసుకుంది. "లేదు. కిందటి నెలలో పెట్టాను. అంతకుముందు గుండీ జరపగానే ఆకుపచ్చే వచ్చేది. ఒకరోజు చూసుకుంటే నాకే భయమేసింది. చీటీ వెనక్కి పంపగానే గల్లావాడు అయిపోయిందని చెప్పేస్తున్నాడు."

"వెనక వాడు జవాబు పంపేవాడు కాదా?"

"అప్పుడూ పంపేవాడు సార్. పేజీ వినేది కాదు. వెనక నేనేమీ మార్చలేదు. ముందున్న పేజీ జవాబు వినేలా రాశాను."

"మీరు రాసిన కొత్తది ఈ కంప్యూటర్‌లోకి ఎప్పుడు వస్తుంది?"

"పేజీ మూసి మళ్ళీ తెరిచినప్పుడు..." ఆమె ఆగిపోయింది. తెర వైపు చూసింది. "మామయ్య ఎప్పుడూ మూయరు. సాయంత్రం తెర ఒక్కటే ఆపేసి వెళ్తారు. లైటు ఆపినట్టు."

ఇన్‌స్పెక్టర్ తనంతట తానే మౌసు వదిలాడు.

"మీరు నిన్న స్టేషన్లో చూసింది కొత్త పేజీ," అన్నాడు డిటెక్టివ్. "ఆయన చూసింది ఇది. పాతది ఇంకెక్కడా లేదు. మీరు రిఫ్రెష్ కొట్టి ఉంటే ఇక్కడా ఉండేది కాదు."

"ఊహ బాగుంది. రుజువు?"

"ఐదు, ఆరు గదులు ఖాళీగా ఉన్నాయి. తలుపులు బార్లా తీయించండి. మీ ఫోన్‌తో మీరే వీడియో తీయండి."

కోడలు ఇన్‌స్పెక్టర్ లాప్‌టాప్ దగ్గర కూర్చుని, ఊరికే ఒకటి నుంచి లెక్కపెట్టే ప్రోగ్రామ్ ఒకటి వెనక్కి పంపింది. అయిదు నిమిషాలపాటు వంటవాడికి తీరిక ఉండదన్నమాట. లాప్‌టాప్‌లో ఐదో గది గుండీని ఇరవై ఒకటికి జరిపింది. అంకె పసుపు రంగులో వచ్చి అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడు దీంట్లో ఆరో గది," అన్నాడు డిటెక్టివ్.

కంట్రోల్ కంప్యూటర్‌లో గుండీ జరిపింది కూడా ఆమే. వేలు ఎత్తకముందే ఇరవై ఒకటి ఆకుపచ్చగా వెలిగింది. నిండు ఆకుపచ్చ, ఏ అనుమానానికీ చోటు లేకుండా.

ముగ్గురూ అద్దంలోంచి నడవాలోకి చూశారు. ఆరో తలుపు పైన ముల్లు కదలలేదు.

ఇన్‌స్పెక్టర్ ఫోను పట్టుకున్న చెయ్యి దించలేదు. అయిదు నిమిషాలూ అలాగే నిలబడ్డాడు. తర్వాత ఐదో ముల్లు కదిలింది, వెంటనే ఆరోది. లాప్‌టాప్‌లో పసుపు అంకె అప్పుడు ఆకుపచ్చ అయింది.

"పదకొండున్నరకు వాల్వు తిప్పింది ఆయనే," అన్నాడు డిటెక్టివ్. "పదింటి ముందు పంపిన చీటీ. లెక్క అయ్యేదాకా వరసలో ఆగింది. ఆయన ఎప్పటిలాగే గంట ఆగాడు, ఇంకాస్త ఆగాడు, ఆకుపచ్చ చూసుకుని వెళ్ళాడు. జాగ్రత్త లేని మనిషి కాదు."

"వెనక పని నడుస్తోందని ఈ తెర మీద ఏ గుర్తూ ఉండదా?"

"పై మూల చిన్న సున్నా ఉంటుంది సార్," అంది కోడలు. "పని నడుస్తుంటే నల్లగా నిండుతుంది." చూపించబోయి వేలు వెనక్కి తీసుకుంది. సరిగ్గా ఆ మూలనే పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఒకటి టేపుతో అంటించి ఉంది. రెండు జడల చిన్నపిల్ల. ముందు పన్ను ఒకటి లేదు.

"మా అమ్మాయి," అంది. "బడికి ఇవ్వడానికి తీయించాం. ఒకటి తక్కువైందని ఇల్లంతా వెతికాను."

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. ఓడిపోయినప్పుడు ఆయన మాట ఇంకా వేగం అవుతుంది.

"సరే. హత్య కాదు. ఒప్పుకున్నాను. కానీ ఇంకోటి మిగిలింది. పేజీలో ప్రమాదం ఉందని తెలిసింది, దిద్దింది. దిద్దాను, మూసి తెరవండి అని వాడే మనిషికి చెప్పలేదు. మనిషి పోయాడు. నిర్లక్ష్యం వల్ల మరణం. దీనికీ జైలుంది." ఆమె వైపు తిరిగాడు. "ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"రాసి పెట్టావా?"

"లేదు. ఎవరికీ చెప్పలేదు."

"నిదానం గారు ఇంకేం అడుగుతారో అడగనివ్వు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. " సాయంత్రం మీ ఇంటికి జీపు తెస్తాను. పాపను వాళ్ళ నాన్నకు అప్పజెప్పి సిద్ధంగా ఉండు."

ఇన్‌స్పెక్టర్ వెళ్ళాక డిటెక్టివ్ కుర్చీ జరుపుకుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"పొద్దుటి నుంచి నేనేది అడిగినా ఆలోచించి చెప్పారు. ఈ ఒక్కదానికీ ఆలోచించలేదు," అన్నాడు.

ఆమె ఫొటో వైపు చూస్తోంది.

"ఎవరికి చెప్పారమ్మా?"

"చెప్పలేదన్నాను కదా సార్."

"భయమేసిందన్నారు. రాత్రికి రాత్రే దిద్ది ఉంటారు. దిద్ది ఊరుకునే మనిషి కాదు మీరు. మామగారితో మాటల్లేవు. ఆయనకు ఏదైనా చెప్పాలంటే ఎలా చెప్పేవారు?"

ఆమె ఫొటో మీంచి చూపు తిప్పుకుంది. "చేతుల్తో తిప్పే వాల్వులన్నీ నా పేజీ వచ్చి లాక్కుందని ఆయన కోపం. నా పని నేను చేశానని నాది. మా ఇంట్లో అప్పటి నుంచి మాటలన్నీ అత్తయ్య మీదుగానే వెళ్ళేవి. మామయ్యకు కూర కావాలేమో అడగండి అత్తయ్యా. దాన్ని ఫ్యాను తగ్గించమను. ఎదురుగా కూర్చునే." ఆమె చిన్నగా నవ్వబోయింది, కుదరలేదు. "పేజీ ఒకసారి మూసి తెరవమనండి అత్తయ్యా అన్నాను. మర్నాడు, చెప్పారా అని అడగలేదు. చెప్పే ఉంటారులే అనుకున్నాను. ఒకే ఇంట్లో మనుషులకు కాగితం ఎందుకనుకున్నాను."

"ఇది ఇన్‌స్పెక్టర్‌కు చెబితే కేసు ఇంత బిగుసుకోదు."

"తెలుసు."

"మరి?"

"అత్తయ్యకు గుర్తున్నట్టు లేదు సార్. గుర్తు రానివ్వకండి. నాకు చిన్న వయసు. ఏదో ఒకటి మోస్తాను. ఆమె ఎక్కడ మోస్తుంది?" ఆమె అతని ముఖంలోకి సూటిగా చూసింది. "ఏం జరిగిందో చెప్పమనే కదా ఆమె మిమ్మల్ని పెట్టుకుంది. నా వల్లే అని చెప్పండి. నమ్ముతుంది."

డిటెక్టివ్ మాట ఇవ్వలేదు.

ఫిట్టర్ ఇంటికి డిటెక్టివ్ వెళ్ళేసరికి ఎండ వాలుతోంది. ముందు గదిలో అత్తగారు ఒక్కతే ఉంది. కిటికీ పక్క కుర్చీ మీద ఫిట్టర్ పనిబట్టలు ఉతికి మడతపెట్టి ఉన్నాయి. డిటెక్టివ్ గుమ్మంలో ఆగబోతే ఆమే పిలిచింది.

"రండి బాబూ. కనుక్కున్నారా?"

"కనుక్కున్నానమ్మా. మీ కోడలు ఆయనకు హాని తలపెట్టలేదు."

"అది నాకు తెలుసు," అంది ఆమె.

ఆయన కూర్చున్నాడు. తను తెచ్చుకున్న మాటలు ఒక్కసారి లోపలే తిప్పి చూసుకున్నాడు. అందులో ఏదీ ఇప్పుడు పనికొచ్చేలా లేదు.

"తెలిస్తే నన్నెందుకు పిలిచారు?"

"పోలీసులు అందర్నీ అడిగారు. కాపలావాడిని అడిగారు, మా అబ్బాయిని అడిగారు. దాన్ని పదిసార్లు అడిగారు. నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మీరు బాధలో ఉన్నారమ్మా, పడుకోండి అన్నారు." ఆమె మడతపెట్టిన చొక్కా అంచు సరిచేసింది. "ఎవరో ఒకరు నన్ను అడుగుతారని పిలిచాను బాబూ."

డిటెక్టివ్ నెమ్మదిగా అడిగాడు. "సోమవారం పొద్దున ఆయనకు ఫోన్ చేసింది మీరేనా?"

"నేనే. కోడలు నాకు చెప్పి అప్పటికి నెల దాటిపోయింది. పేజీ మూసి తెరవాలట అని. దాని పేరెత్తితే ఆయన ముఖం మాడ్చుకునేవాడు. ఇవాళ కాదులే, రేపు చెబుదాంలే. ఆ పొద్దున గట్టిగా అనుకుని చేశాను. ఆయన గదిలో గాలి నిండాలని ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చున్నాడట. మంచి హుషారుగా ఉన్నాడు. పాపకు ఇంకో పన్ను ఊడిందా, నాకు చూపించకుండా పారేయకండి అన్నాడు. అంత నవ్వుతూ మాట్లాడి ఎన్నాళ్ళైందో. చెడగొట్టబుద్ధి కాలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక చెబుదాంలే అని పెట్టేశాను."

వీధిలో జీపు ఆగిన చప్పుడైంది. లోపలి గదిలోంచి కోడలు చిన్న సంచీ పట్టుకుని బయటికి వచ్చింది. డిటెక్టివ్‌ను చూసింది, అత్తగారిని చూసింది. అన్నీ అర్థమైనట్టు తల అడ్డంగా ఊపింది, వద్దని.

అత్తగారు కుర్చీ పట్టుకుని లేచింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి కోడలి ముఖంలోకి చూసింది. చూస్తూనే ఆమె చేతిలోంచి సంచీ తీసుకుని కుర్చీలో, ఆ బట్టల పక్కన పెట్టింది.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోకి వచ్చాడు. ఈసారి ఎందుకో ఆయన కూడా లోపలికి రాకుండా అక్కడే ఆగాడు.

"దాన్ని కాదు నాయనా," అంది ఆమె. "అది నెల కిందటే చెప్పింది. ఆ మాట నా దగ్గరే ఉండిపోయింది."